మరచెంబులో వెలుగు

ఈ సైకిలు దీపంలో ముందుగా చూడవలసింది దాని మూత. అది ఒక పాత ఇత్తడి మరచెంబు మూత. ఒకప్పుడు రైలు ప్రయాణాల్లో, తీర్థయాత్రల్లో మంచినీళ్లు మోసిన చెంబు ఇప్పుడు సైకిలు హ్యాండిల్ ముందు అడ్డంగా పడుకుని దారి చూపిస్తోంది. మూత నడిమి భాగాన్ని గుండ్రంగా కోసి, అక్కడ పాత స్లైడ్ ప్రొజెక్టరులోని దళసరి కటకాన్ని బిగించారు. మూతను తిప్పితే మర వెంట కటకం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. లోపలి ఎల్‌ఈడీకీ దానికీ మధ్య దూరం మారుతుంది. నీళ్లు ఒలకకూడదని ఏ కంచరో వేసిన మర ఇన్నేళ్ల తర్వాత వెలుగును సవరించే పనికి వచ్చింది.

ఆ సవరణ ఎందుకో దీపాన్ని రాత్రిపూట గోడ ముందు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎల్‌ఈడీలో వెలిగేది పసుపు పూత ఉన్న ఒక బుల్లి పలక. కటకం సరిగ్గా నాభి దూరంలో ఉంటే ఆ పలక రూపమే పెద్దదై గోడమీద పడుతుంది, నాలుగు మూలలతో, అంచుల్లో పసుపు జీరతో. దారికి అది పనికిరాదు. నలుపలకల వెలుగు, దాని చుట్టూ కటిక చీకటి. మూతను అర చుట్టు బిగిస్తే కటకం కొద్దిగా లోపలికి వస్తుంది. మూలలు కరిగిపోయి వెలుగు గుండ్రంగా సర్దుకుంటుంది. ఇంకాస్త బిగిస్తే వెడల్పవుతుంది. గుంతల వీధిలో వెడల్పు వెలుగు కావాలి, ఊరు దాటాక సన్నగా దూరం పోయే వెలుగు కావాలి. రెండూ మణికట్టు ఒక్క తిప్పులో ఉన్నాయి.

చేసినాయన హైదరాబాదు బాలానగర్‌లో ఏళ్ల తరబడి లేతు మిషన్ మీద పనిచేసి రిటైరైన ఫిట్టరు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. సామాను చాలావరకు జుమ్మేరాత్ బజారులో గురువారాలు తిరిగి ఏరుకున్నది. ఎల్‌ఈడీ, సూపర్ కెపాసిటర్ మాత్రం కొత్తగా కొన్నారు.

ఈ తరహా పనిని ప్రపంచమంతా స్టీమ్‌పంక్ అంటోంది. ఆవిరియంత్రాల కాలం ముగిసిపోకుండా అలాగే సాగి ఉంటే మన వస్తువులు ఎలా ఉండేవన్న ఊహ దీనికి మూలం. జూల్స్ వెర్న్ నాటిలస్ జలాంతర్గామి, హెచ్.జి.వెల్స్ కాలయంత్రం ఆ ఊహకు పెద్ద దిక్కు. 1987లో అమెరికన్ రచయిత కె.డబ్ల్యు.జీటర్ లోకస్ పత్రికకు రాసిన ఉత్తరంలో ఆ పేరు పెట్టారు. కథల్లో పుట్టిన ముచ్చట తర్వాత చేతిపనిలోకి దిగింది. 2009 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌లోని విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం ఇలాంటి వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టింది. దాన్ని కూర్చిన ఆర్ట్ డోనవన్ స్వయంగా దీపాలు చేసే కళాకారుడు.

అయితే ఈ పేరుతో తయారయ్యే వస్తువుల్లో చాలా వాటిని నేను మెచ్చుకోలేను. గడియారం పళ్లచక్రాలు నాలుగు జిగురుతో అతికించి, ఇత్తడి రంగు కొట్టి, పని అయిందనిపిస్తారు. తిరగని చక్రం, ఆవిరి ఎరగని గొట్టం, దేన్నీ కొలవని మీటరు. పాత యంత్రం మీద ప్రేమ కంటే పాత యంత్రం వేషం మీద మోజే అక్కడ కనిపిస్తుంది. ఆవిరి ఇంజను అందమంతా దాని పని బయటికి కనపడటంలో ఉంది. కడ్డీ ఎందుకు కదులుతోందో, చక్రం దేన్ని తిప్పుతోందో చూసేవాడికి తెలిసిపోతుంది. ఆ గుణం లేకపోతే ఎంత ఇత్తడి పోసినా అది బొమ్మే. మరచెంబు దీపాన్ని నేను ఈ లెక్కతోనే విప్పించి చూశాను. పనిలేని ముక్క ఒక్కటీ దొరకలేదు.

మీటరు సంగతి చూడండి. చెంబు వీపున, తొక్కేవాడి కంటికి ఎదురుగా, పెట్రోమాక్స్ లైటు మీది గుండ్రటి మీటరు ఉంది. పెళ్లి ఊరేగింపుల్లో పంపు కొట్టాక ముల్లు ఎర్రగీత దాకా వచ్చిందో లేదో చూసుకునే మీటరు అది. సైకిలు దీపంలో గాలి ఒత్తిడి ఎక్కడిది? అలాగే పెట్టేస్తే ముల్లు ఎప్పటికీ కదలదు. ఈయన లోపలి వంపు గొట్టాన్ని తీసేసి, టేప్ రికార్డరులో పాట హెచ్చుతగ్గులకు ఊగే చిన్న వి.యు. మీటరును దాంట్లో కూర్చారు. అద్దం, ఇత్తడి కట్టు, ఎర్రగీత పాతవే. ముల్లు మాత్రం ఇప్పుడు డైనమో పంపే కరెంటును చూపిస్తుంది.

చెప్పినంత తేలిక కాదు ఇది. అలాంటి ముల్లు చివరిదాకా లేవడానికి కొన్ని వందల మైక్రో ఆంపియర్లు చాలు. డైనమో ఇచ్చేది దాదాపు అర ఆంపియరు. అదంతా మీటరులోంచి పోతే దాని తీగచుట్ట మాడి మసైపోతుంది. అందుకని కరెంటును వేరే దారిన పోనిచ్చి, అందులో పిసరంత మాత్రమే మీటరుకు మళ్లించాలి. ఆ వేరే దారి, పాడైన ఇస్త్రీపెట్టెలోంచి తీసిన ఒక చిన్న నైక్రోమ్ తీగ ముక్క. నైక్రోమ్ మీద మామూలు టంకం నిలవదు. రెండు చివరలనూ పాత ప్లగ్గులోని ఇత్తడి మరల కింద నొక్కి బిగించారు. తీగ పొడవు కొంచెం కొంచెంగా మార్చుకుంటూ, నిండు కరెంటుకు ముల్లు ఎర్రగీత దగ్గర నిలిచే చోటు పట్టుకున్నారు. ఓపిక తప్ప వేరే కొలత పరికరం లేని పని.

సైకిలు తొక్కుతూ ఆ ముల్లును గమనించాలి. బయలుదేరగానే చకచకా లేస్తుంది. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం వచ్చేసరికి ఎర్రగీత దరిదాపులకు చేరుతుంది. ఆపైన ఎంత బలంగా తొక్కినా పెద్దగా కదలదు. మీటరు లోపం కాదది, డైనమో స్వభావం. చక్రం వేగం పెరిగితే పుట్టే వోల్టేజీ పెరుగుతుంది. దాంతోపాటే ఏసీ కరెంటు దిశ మార్చుకోవడమూ వేగవంతమవుతుంది. అది వేగంగా మారేకొద్దీ డైనమోలోని తీగచుట్టే కరెంటుకు అడ్డం పడుతుంది. ఒక చేత్తో పెంచింది ఇంకో చేత్తో తగ్గించినట్టయి, కరెంటు అర ఆంపియరు దగ్గర నిలకడగా ఉండిపోతుంది. పల్లంలో సైకిలు దూసుకుపోతున్నా ఎల్‌ఈడీ మాడకుండా కాచేది ఇదే. పుస్తకంలో లెక్కలు వేసి చదువుకునే విషయం ఇక్కడ ముల్లు కొసన కనిపిస్తోంది.

ఆ డైనమో 6 వోల్టులు, 3 వాట్ల పాతకాలపు సీసా ఆకారం డైనమో. రాత్రిపూట దీపం లేకుండా తొక్కితే పోలీసులు సైకిలు ఆపే రోజుల్లో చాలామంది కొనుక్కున్న రకమే. అందులో తిరిగేది అయస్కాంతం, కదలకుండా కూర్చునేది తీగచుట్ట. కాబట్టి అరిగిపోయే బ్రష్షులు లేవు. తుప్పుపట్టిన డైనమో చేతికొస్తే తెలియనివాళ్లు మొదట చేసేది అయస్కాంతాన్ని బయటికి లాగి శుభ్రం చేయడం. పాత రకం అల్నికో అయస్కాంతం తన చుట్టూ ఉన్న ఇనుప చట్రాన్ని వదిలి బయటికొస్తే బలం కోల్పోతుంది. మళ్లీ పెట్టినా దీపం మునుపటంత వెలగదు. ఈయన దాన్ని ఉన్నచోటు నుంచి కదపలేదు. కిరోసిన్ పోసి తిప్పి తిప్పి మురికి వదిలించి, బుష్షుకు మిషన్ నూనె పట్టించారు. ఏసీని డీసీగా మార్చే డయోడ్లు చచ్చిపోయిన కంప్యూటరు పవర్ సప్లయ్‌లోంచి తీసినవి. వాటిని ఊరికే ఎంచుకోలేదు. మామూలు సిలికాన్ డయోడు ఒక్కొక్కటీ 0.7 వోల్టు దాకా తినేస్తుంది, అవి షాట్కీ రకం కావడంతో దాదాపు సగమే తింటాయి. నెమ్మదిగా తొక్కేటప్పుడు ఆ తేడా వెలుగులో తెలుస్తుంది.

చెంబు లోపలి వైపు ఇంకో అక్కర తీరింది. ఇత్తడి పాత్రకు లోపల కళాయి ఉంటుంది కదా. కాల్చిన పాత్రలో నవాసారం చల్లి, తగరం వేసి, దూదితో తుడిచిన ఆ తెల్లని పూత పక్కలకు చెదిరే వెలుగును తిరిగి ముందుకు తోస్తోంది. వేరే రిఫ్లెక్టరు అవసరం పడలేదు. కళాయిని చెడగొట్టకుండా చెంబుకు బయట టంకం వేయడంలోనే ఈయన చెయ్యి తెలుస్తుంది. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. మామూలు తగరం-సీసం టంకం 190 ప్రాంతంలోనే కరుగుతుంది. ఆ రెంటికీ మధ్య నలభై డిగ్రీల సందు ఉంది. మంట పెడితే ఆ సందు దాటిపోవడం ఖాయం. అందుకని పెద్ద రాగి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో నెమ్మదిగా వేడెక్కించి అతుకు వేశారు. లోపల చూస్తే ఆ అతుకు వెనక కళాయి చెక్కుచెదరలేదు, రంగు మారలేదు. ఎల్‌ఈడీ వేడిని లాగేయడానికి ఒక రాగి బిళ్ల ఉంది. ఇత్తడి కంటే రాగి వేడిని చాలా బాగా మోస్తుంది కాబట్టి, నీళ్లు కాచే పాత రాగి కాగు అడుగు నుంచి కోసి, అంచును ఆకురాయితో రాస్తూ చెంబు గోడకు అన్ని వైపులా తాకేలా సరిచేశారు. కాయితం ముక్క దూర్చి చూశాను, దూరలేదు.

ఎక్కడా జిగురు లేదు. ఎందుకని అడిగితే, "అతికిస్తే రెండు వానలకు ఊడొస్తది సార్. మర పెడితే విప్పొచ్చు, మళ్ల బిగించొచ్చు" అన్నారు. దీపం మొత్తాన్ని ఒక్క స్క్రూడ్రైవరుతో విప్పేయవచ్చు. స్విచ్చు కూడా లేదు. జుమ్మేరాత్ బజారులో పాత ఇళ్ల నల్లటి బేకలైటు స్విచ్చులు దొరుకుతాయి, ఒకటి పెడితే చూడముచ్చటగానే ఉండేది. కానీ డైనమోను టైరుకు ఆనిస్తే దీపం వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. పనిలేదు కనుక పెట్టలేదు. ఆ నిగ్రహాన్ని నేను మీటరు కంటే కూడా ఎక్కువ గౌరవిస్తాను.

చెంబు నెత్తిన పొగగొట్టంలా కనిపించేది పంపు స్టవ్ బర్నరు మీది చిల్లుల టోపీ. ఎల్‌ఈడీకి పొగ ఉండదు, మరి ఇది వేషమేనా అని నాకూ అనుమానం వచ్చింది. సైకిలు ఆగాక సంగతి తేలింది. డైనమో ఆగితే పెద్ద దీపం ఆరిపోతుంది. కూడలిలో ఆగిన సైకిలు వెనకొచ్చే లారీకి గానీ ఎదురొచ్చే బండికి గానీ కనపడకపోతే ప్రమాదం. అందుకే తొక్కుతున్నంతసేపూ సూపర్ కెపాసిటర్ నిండుతూ ఉంటుంది. ఆగినప్పుడు ఆ టోపీ కింద ఉన్న చిన్న పసుపు ఎల్‌ఈడీని అది వెలిగిస్తుంది. రెండు మూడు నిమిషాల పాటు చిల్లుల్లోంచి పసుపు వెలుగు చుట్టూ కనిపిస్తుంది. పెద్ద తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు మూడు వోల్టులు కావాలి, పసుపుదానికి రెండు చాలు. కెపాసిటర్ బలం తగ్గుతున్నా అది వెలుగుతూ ఉండటానికి కారణం ఇదే.

ఈ దీపానికి పూర్వీకులున్నారు. పెద్ద చక్రం సైకిళ్ల రోజుల్లో, చువ్వల మధ్య ఇరుసుకు వేలాడే నూనెదీపాలను బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ లూకాస్ 'కింగ్ ఆఫ్ ది రోడ్' పేరుతో అమ్మారు. 1892లో థామస్ విల్సన్ విద్యుత్ కొలిమిలో కాల్షియం కార్బైడు తయారుచేసే దారి పట్టుకున్నాక, ఆ దశాబ్దం చివరికి కార్బైడు దీపాలు వచ్చాయి. కింది గదిలో కార్బైడు, పై గదిలో నీళ్లు. చుక్క చుక్కగా నీరు పడితే ఎసిటిలిన్ పుట్టి తెల్లగా మండేది. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడు అదే. అక్కడ పుట్టే వాయువూ అదే. ఆ దీపంలో వెలుగు పెంచాలన్నా తగ్గించాలన్నా నెత్తిమీది మర తిప్పి నీటిచుక్కల్ని సవరించేవారు. చాలా దీపాలకు ఓడలకున్నట్టే ఎడమపక్క ఎర్ర, కుడిపక్క ఆకుపచ్చ గాజుబిళ్లలు ఉండేవి. మన ఫిట్టరు ఆ ఆనవాయితీ తప్పలేదు. పాత ఆంప్లిఫయర్ పెట్టె మీది ఇండికేటరు బిళ్లలు రెండు తీసి అదే వరుసలో బిగించారు. పక్కసందులోంచి వచ్చేవాడికి సైకిలు ఏ వైపు పోతోందో వాటివల్ల తెలుస్తుంది.

లోపాలు లేవనను. బరువు ఎక్కువ, గతుకుల్లో హ్యాండిల్ మీద ఆ బరువు తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది, వెలుగు పైభాగానికి అడ్డు లేదు. ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. మూత అంచుకు అర్ధచంద్రాకారం రేకు ఒకటి లోపలివైపు పెడితే సరిపోతుందని చెప్పాను. కటకం రూపాన్ని తలకిందులు చేస్తుంది కనుక రేకు కింది సగంలో, అదీ ఎల్‌ఈడీకి దగ్గరగా రావాలని ఆయన నన్ను సరిదిద్దారు. కొలత తీసుకున్నారు, రేకు ఇంకా కోయలేదు.

ఇలాంటిది చేయాలని ఎవరికైనా ఉంటే చెంబు కంటే ముందు డైనమో వెతకండి. ఇరుసు పట్టుకుని పక్కలకు కదపండి, లొడలొడలాడితే వదిలేయండి. వేలితో తిప్పినప్పుడు సాఫీగా గిర్రున తిరగకుండా ఆగి ఆగి, తగులుతూ తిరిగితే అయస్కాంతానికి ఇంకా బలం ఉన్నట్టు. మీ ఇంటి అటకమీద అలాంటిది ఒకటి పడి ఉంటే దయచేసి తుక్కు తూకానికి వేయకండి. పని తెలిసినవాళ్లకు ఇవ్వండి.