మిర్-21 రోగగమన సూచిక: కార్వాన్ రోగికి వర్తించే కొలత ఏది?

గోల్కొండ కోటకూ చార్మినారుకూ నడుమనున్న కార్వాన్, కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులు నివసించిన పేట. నేడు అక్కడి చిరువ్యాపారి ఒకరికి పెద్దపేగు కాన్సర్ వచ్చిందనుకుందాం. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో కణితిని తొలగించారు. శోషరస గ్రంథులకు వ్యాధి పాకలేదు. ఇది రెండవ దశ. ఇటువంటివారిలో ఎక్కువమందికి శస్త్రచికిత్సే చాలు; కొందరికి మాత్రం వ్యాధి తిరగబెడుతుంది. ఆ కొందరిలో ఈయన ఉన్నాడా? ఉన్నాడంటే నెలల తరబడి కీమోథెరపీ, మూతపడిన దుకాణం, కొన్ని మందులతో మొద్దుబారే చేతివేళ్లు. రోగగమన సూచిక జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదే.

మైక్రోఆర్‌ఎన్‌ఏలపై ఆశ నిరాధారం కాదు. సుమారు 22 న్యూక్లియోటైడ్ల ఈ పోగులను విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు 1993లో వెలుగులోకి తెచ్చాయి. 2024లో వారికి నోబెల్ లభించింది. పొట్టివి గనుక ఇవి పారఫిన్ దిమ్మెలలో ఏళ్ల తరబడి చెడకుండా నిలుస్తాయి. ఈ రంగానికి పునాదిగా చెప్పదగిన 2008 నాటి షెట్టర్ బృందం అధ్యయనం మేరీలాండ్‌కు చెందిన 84 మందిని, హాంకాంగ్‌కు చెందిన 113 మందిని పరిశీలించి, కణితిలో మిర్-21 అధికంగా ఉన్నవారి మనుగడ తక్కువని రెండుచోట్లా చూపింది. ఒక ఫలితాన్ని వేరొక జనసమూహంలో సరిచూడడం ఆ పరిశోధన గొప్పతనం.

లోపం ‘అధికం’ అన్న మాటలో ఉంది. అక్కడ అధికమంటే ఆ సమూహంలో పైనున్న మూడవ వంతు. సమూహంలోని వారికి ఈ విభజన చెల్లుతుంది. ఒంటరిగా వచ్చిన కార్వాన్ రోగికి మూడవ వంతు ఎక్కడిది? స్థిరమైన హద్దు, ఉమ్మడి ప్రమాణం లేనంతవరకు అది గణాంక సంబంధమే కాని పరీక్ష కాదు. తర్వాత వెలువడిన వ్యాసాలలో చాలా భాగం ఈ చిక్కును దాటకుండానే కొత్త మైక్రోఆర్‌ఎన్‌ఏ పేర్లను చేర్చుకుంటూ పోయాయి.

2011లో డెన్మార్క్ రెండవ దశ రోగులపై నీల్సన్ బృందం చేసిన పరిశీలన మరింత ఆలోచింపజేస్తుంది. మిర్-21 ప్రధానంగా కనిపించింది కాన్సర్ కణాలలో కాదు, వాటి చుట్టూ ఉన్న ఆధార కణజాలంలో. అట్లయితే కణితి ముక్కను మొత్తంగా నూరి కొలిచినప్పుడు తేలేది వ్యాధి తీవ్రతా, ఆ ముక్కలో ఆధార కణజాలం పాలా? పైగా పెద్దపేగులో కనిపించిన సంబంధం పురీషనాళ కాన్సర్‌లో కనిపించలేదు. భారతదేశంలో పురీషనాళ కాన్సర్ల పాలు తక్కువది కాదు. హైదరాబాద్ సీడీఎఫ్‌డీ పరిశోధకులు చిన్న వయసులో వచ్చే ఇటువంటి కాన్సర్లలో చెప్పుకోదగిన భాగం, పాఠ్యగ్రంథాలు మూలమని చెప్పే వింట్ సంకేత మార్గం చేతనం కాకుండానే పెరిగినట్లు గుర్తించారు. మూలమార్గమే వేరైనచోట మేరీలాండ్ సూచికను యథాతథంగా అన్వయించడం తొందరపాటు.

ఇక్కడి పరిశోధకుడు మరొక మైక్రోఆర్‌ఎన్‌ఏను వెదకనక్కరలేదు. పెద్దపేగు, పురీషనాళ నమూనాలను వేరుచేసి, హద్దును ముందే ప్రకటించి, మిర్-21నే తిరిగి కొలవాలి. అందుకు పారఫిన్ దిమ్మె ఒక్కటే చాలదు. ఆ దిమ్మె ఎవరిదో ఆ మనిషి ఐదేళ్ల తర్వాత ఎలా ఉన్నాడన్న నమోదు కూడా కావాలి.