అక్షరాలకు ఒళ్ళొచ్చిన కాలం

1966 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ ఆడిటోరియంలో జరిగిన ఒక రాక్ కచేరీకి వెస్ విల్సన్ గీసిన పోస్టర్లో బొమ్మంటూ ఏమీ లేదు. ఆకుపచ్చ నేల మీద ఎర్రటి అక్షరాలు మంటల్లా పైకి లేస్తుంటాయి, అంతే. పాడేది ఎవరో, ఏ రోజో తెలియాలంటే ఆ మంట ముందు కాసేపు నిలబడక తప్పదు. పోస్టరన్నాక పరుగున పోయేవాడి కంటికీ ఆనాలని నమ్మే ప్రచార వ్యాపారం దృష్టిలో ఇది శుద్ధ తిక్కపని. కచేరీలు నడిపే బిల్ గ్రాహం కూడా వీటిని చదవడం కష్టంగా ఉందని సణిగినవాడే. అయితే గోడకు అంటించిన పోస్టరు అంటించినట్టే మాయమవుతూ వచ్చింది. జనం ఊడదీసి ఇళ్ళకు పట్టుకుపోయారు. గ్రాహం సణుగుడు తగ్గింది.

రాక్ పోస్టర్లలో శృంగారం అనగానే అందరి చూపూ వాటిలోని నగ్న స్త్రీల మీదికి పోతుంది. ఆ బొమ్మలున్న మాట నిజమే, వాటి సంగతి తర్వాత చెబుతాను. నా లెక్కలో మాత్రం అసలు శృంగారం అక్షరాల్లోనూ రంగుల్లోనూ ఉంది. చూపును తొందరపడనివ్వకుండా, అర్థాన్ని వెంటనే చేతికి ఇవ్వకుండా, చుట్టూ తిప్పుకుని అప్పుడు దారివ్వడం సరసానికి పాత పద్ధతే. దాన్ని టికెట్లు అమ్మే కాగితం మీదికి తెచ్చారు ఈ పోస్టర్లు గీసినవాళ్ళు.

ఇదంతా సులువుగా సాగిన ఊరేమీ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో అంటే పువ్వులు పెట్టుకున్న హిప్పీలే గుర్తొస్తారు గానీ, అదే 1966లో ఫిల్మోర్‌కు డాన్స్ పర్మిట్ ఇవ్వడానికి అధికారులు మొరాయించారు. ఆ నవంబరులో హెయిట్ వీధిలోని సైకెడెలిక్ షాప్ మీద పోలీసులు పడి, లెనోర్ కాండెల్ అనే కవయిత్రి ప్రేమకవితల చిన్న పుస్తకాన్ని పట్టుకుపోయారు. మరుసటి ఏడు జ్యూరీ దాన్ని అశ్లీలమని తేల్చింది. లండన్‌లో ఇంకా వింత. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆబ్రీ బియర్డ్‌స్లీ బొమ్మల ప్రదర్శన నడుస్తున్న 1966లోనే, ఆయన బొమ్మల ప్రతులు అమ్ముతున్న దుకాణం మీద పోలీసులు దాడి చేశారు. మ్యూజియం గోడ మీద కళ, అంగడి గోడ మీద బూతు. పోలీసులతో పాటు డిజైన్ పంతుళ్ళ చిరాకు ఒకటి. అచ్చు స్పష్టంగా ఉండాలి, రంగులు పొందికగా ఉండాలి అని ఏళ్ళ తరబడి నేర్పిన వాళ్ళకు ఈ పోస్టర్లు చదువురాని అల్లరిగా కనిపించాయి.

చదువు మాటకొస్తే, విల్సన్ ఆర్ట్ స్కూలులో తయారైనవాడు కాదు. చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తూ చేయి తిప్పుకున్నవాడు. 1965 చివర్లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక జర్మన్ కళాప్రదర్శన కేటలాగు ఆయన చేతికొచ్చింది. అందులో ఆల్‌ఫ్రెడ్ రోలర్ అక్షరాలు చూశాడు. రోలర్ వియన్నా సిసెషన్ అనే కళాకారుల బృందం మనిషి. సంగీతకారుడు మాలర్ నడిపించిన ఒపెరాలకు రంగస్థలం తీర్చినవాడు. 1903 నాటి ఆయన పోస్టరులో అక్షరాలు రాసినట్టు ఉండవు, చెక్కి పేర్చిన దిమ్మల్లా ఉంటాయి.

విల్సన్ ఆ దిమ్మలను మెత్తబరిచాడు. మామూలుగా అక్షరాలు రాసేవాడు ముందు అక్షరం గీసి, దానికి మందమిచ్చి, పక్కన ఇంకోటి పెడతాడు. విల్సన్ ముందు ఒక ఆకారం గీస్తాడు. అది మంట కావచ్చు, విరబోసుకున్న జుట్టు కావచ్చు, వంగిన వెన్ను కావచ్చు. తర్వాత ఆ ఆకారంలోకి మాటల్ని వంపుతాడు. బిందెలో నీళ్ళలా అవి ఎక్కడ ఎంత చోటుంటే అంత ఒళ్ళు చేస్తాయి. నిలువు గీతలు పైనా కిందా ఉబ్బి నడుము దగ్గర సన్నబడతాయి. అక్షరం కడుపులో ఉండాల్సిన ఖాళీ సన్నని చీలిక అయిపోతుంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం వెంట్రుకవాసి. దాంతో ఏది అక్షరమో, ఏది వెనకున్న ఖాళీయో కంటికి ఒకపట్టాన తేలదు. కన్ను గీత వెంట వేలు పెట్టి పోయినట్టు పోవాలి. బొమ్మలో స్త్రీ ఉన్నా లేకపోయినా ఆ పోకలోనే స్పర్శ ఉంది.

రంగుల సంగతికి విక్టర్ మస్కోసో దగ్గరికి రావాలి. ఈయన కథ విల్సన్‌కు ఎదురు. స్పెయిన్‌లో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగాడు. కూపర్ యూనియన్‌లో, యేల్‌లో చదివాడు. యేల్‌లో రంగుల విద్యకు పెద్దదిక్కయిన యోసెఫ్ ఆల్బర్స్ దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. పోస్టర్ల పనిలోకి దిగాక ఆ చదువంతా అడ్డమని గ్రహించి, నేర్చుకున్న నియమాల్ని ఒక్కొక్కటీ తిరగేశాడు. పక్కపక్కన పడని రంగులేవో తెలిసినవాడికే వాటిని పక్కపక్కన పెట్టడం బాగా తెలుస్తుంది.

ఎరుపూ నీలమూ, లేదా నారింజా ఆకుపచ్చా తీసుకుని రెండిటి వెలుతురు స్థాయి సమానంగా ఉండేలా చూస్తాడు. మన కన్ను అంచుల్ని పోల్చుకునేది ఎక్కువగా వెలుగునీడల తేడాతో. ఆ తేడా తీసేసి రంగు తేడా మాత్రం గట్టిగా మిగిలిస్తే, అంచు ఎక్కడుందో కన్ను తేల్చుకోలేక తడబడుతుంది. గీత కదిలినట్టు, కాగితం కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఇలాంటి పోస్టరు ఫొటో దొరికితే ఫోనులో నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రెండు రంగులూ ఒకే బూడిదరంగై మాటలు చాలావరకు కరిగిపోతాయి. 1967లో ఛేంబర్స్ బ్రదర్స్ కచేరీకి ఆయన గీసిన స్త్రీ ముఖంలో కళ్ళు కనబడవు, నల్లద్దాలు ఉంటాయి. కచేరీ వివరాలు ఆ అద్దాల్లోనే ఉన్నాయి. ఆమె కళ్ళలోకి చూడబోయినవాడు తేదీ చదువుతాడు.

ఇవన్నీ చేత్తో గీసి ఆఫ్‌సెట్ మీద అచ్చేసినవి. చిత్రకారుడి బల్ల మీద ఉండేది చాలావరకు నల్ల సిరా గీతలే. ఒక్కో రంగుకు ఒక్కో పొర, ఒక్కో ప్లేటు. రంగులన్నీ కలిసి ఎలా ఉంటాయో యంత్రం మీద కాగితం బయటికొస్తేగానీ పూర్తిగా తెలియదు. అందుకే అచ్చువాడికి ఇందులో వాటా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో టీ లాట్రెక్ లిథో ప్రెస్సు నడిపిన లెవన్ మాస్గోఫియన్ లాంటి వాళ్ళు ఈ పిచ్చి సిరాలకు ఒప్పుకోకపోతే ఈ కళ బల్ల మీదే ఆగిపోయేది. లండన్‌లో మైకేల్ ఇంగ్లిష్, నైజెల్ వేమౌత్ జంట సిల్క్ స్క్రీన్ మీద బంగారు, వెండి సిరాలు వాడి, ఒక రంగు మరో రంగులోకి జారిపోయేలా అద్దేవారు.

ఈ పోస్టర్ల చిత్రకారులు అడగకుండా తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ జంటకు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజా గ్రంథాలయంలో ఒమర్ ఖయ్యాం రుబాయీల పాత ప్రతి దొరికింది. దానికి బొమ్మలు గీసింది ఎడ్మండ్ సల్లివన్. గులాబీల నడుమ నిలబడ్డ ఎముకలగూడు బొమ్మకు రంగులద్ది, అక్షరాలు చేర్చి, 1966 సెప్టెంబరులో అవలాన్ బాల్‌రూమ్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీకి పోస్టరు చేశారు. అదే ఆ బృందానికి గుర్తుగా స్థిరపడిపోయింది. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ చదివిన తెలుగువాళ్ళకు ఆ పోస్టరు పరాయిదనిపించదు. మధువు పక్కనే మృత్యువును కూర్చోబెట్టడం ఖయ్యాం నుంచి మనకూ వచ్చింది, రాక్ సంగీతానికీ వెళ్ళింది. చెక్ చిత్రకారుడు ముఖా గీసిన జాబ్ సిగరెట్ కాగితాల ప్రకటనలోని సుందరిని కూడా ఈ జంట అలాగే ఎత్తుకొచ్చింది.

ప్రతి ఎరువూ ఇంత చక్కగా జీర్ణం కాలేదు. 1967లో జిమీ హెండ్రిక్స్ ‘యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ ఆల్బమ్ అట్ట మీద మన క్యాలెండర్ల మీద కనిపించే విష్ణువు విరాట్‌రూపంలో హెండ్రిక్స్, ఆయన వాద్యగాళ్ళ తలలు అతికించారు. హెండ్రిక్స్‌కే అది నచ్చలేదు. ‘ఇండియన్’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది తన వంశంలోని అమెరికా ఆదివాసీ మూలాలు.

ఇక నగ్న స్త్రీలు. విల్సన్ బొమ్మల్లో వాళ్ళు చేతులెత్తి ఆడతారు, జుట్టు అక్షరాల్లోకి పారుతుంది. పోలీసులకు అభ్యంతరమైన ఆ నగ్నత్వం నాకు అభ్యంతరం కాదు. ఆ స్త్రీలందరూ ఒకరే కావడం మాత్రం విసుగు. గీసినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు. సంగీతం విన్న తన్మయత్వానికి వాళ్ళకు దొరికిన ఆకారం ఎప్పుడూ ఆడ ఒళ్ళే. స్వేచ్ఛ పేరుతో వచ్చిన కళలో పాత అలవాటు చెక్కుచెదరలేదు.

1967లో రాబడి వాటా దగ్గర విల్సన్, గ్రాహం తగువు పడి విడిపోయారు. అప్పుడు కుంచె పట్టింది బానీ మెక్లీన్. ఆమె గ్రాహం భార్య. అంతవరకు ఫిల్మోర్‌లో రాబోయే కచేరీల వివరాలు నల్లబల్ల మీద సుద్దతో తీర్చిదిద్దేది. సుమారు ముప్పై పోస్టర్లు గీసింది. అక్షరాలు విల్సన్ ఒరవడిలోనే ఉబ్బుతాయి గానీ ముఖాలు వేరు. గంభీరంగా, ఏదో ధ్యానంలో ఉన్నట్టు ఉంటాయి. మనల్ని మెప్పించే పని పెట్టుకోవు. రాక్ పోస్టర్ల పుస్తకాలు ఆమెకు ఇచ్చే చోటు తక్కువ. నేనైతే ముందు ఆ పేజీలే తిప్పుతాను.