నది దాటాక ఏమైంది?

సిన్సినాటి గురించి చరిత్ర పుస్తకాలు ఒక మంచి కథ చెప్తాయి. ఒహాయో నదికి ఇటు బానిసత్వం ఉన్న కెంటకీ, అటు అది లేని ఒహాయో రాష్ట్రం. నది దాటి వచ్చినవాళ్ళకి తిండి పెట్టి, దాచి, రాత్రికి రాత్రి ఉత్తరానికి పంపిన ఊరు. అబద్ధం కాదు. 1847లో అక్కడికి వచ్చిన క్వేకర్ వ్యాపారి లీవై కాఫిన్ ఇల్లు 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్'లో పెద్ద మజిలీ. పేరుకే రైలు. ఉన్నదల్లా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మనుషుల్ని చేరవేసే రహస్య ఏర్పాటు.

ఆ ఊళ్ళో చాలా ఏళ్ళు ఉన్న హారియట్ బీచర్ స్టో 'అంకుల్ టామ్స్ కాబిన్' (1852)లో ఎలైజా బిడ్డనెత్తుకుని మంచుగడ్డల మీద నది దాటుతుంది. నవల మర్చిపోయినవాళ్ళకి కూడా ఆ దృశ్యం గుర్తుంటుంది. అవతలి ఒడ్డు కనిపించగానే మన గుండె కుదుటపడుతుంది.

టోనీ మారిసన్ 'బిలవ్డ్' (1987) ఆ నెమ్మదిని మనకి దక్కనివ్వదు. నది దాటిన సెథకి దొరికిన స్వేచ్ఛ 28 రోజులు. ఆ తర్వాత యజమాని గుర్రమెక్కి వస్తాడు, పక్కన షెరీఫ్ కూడా ఉంటాడు. 1850 చట్టం ప్రకారం పారిపోయినవాళ్ళని స్వేచ్ఛా రాష్ట్రంలోంచి కూడా పట్టుకుపోవచ్చు. బిడ్డల్ని వాళ్ళ చేతికివ్వడం కన్నా చంపడమే మేలనుకుంటుంది సెథ. మారిసన్‌కి ఈ కథ తట్టింది మార్గరెట్ గార్నర్ అనే నిజమైన మనిషి నుంచి. 1856లో గడ్డకట్టిన నది మీద నడిచి సిన్సినాటి చేరిన ఆమె, పట్టుబడే క్షణంలో కూతుర్ని చంపింది. కోర్టులో వాదన ముఖ్యంగా ఆమె ఎవరి ఆస్తి అన్నదాని మీదే. చివరికి వెనక్కి పంపేశారు.

కానీ నన్ను ఎక్కువ కుదిపింది వేరే విషయం. గుర్రాలు వస్తున్నాయని పక్కింటివాళ్ళెవరూ పరిగెత్తుకొచ్చి చెప్పరు. వాళ్ళూ నల్లవాళ్ళే, చాలామంది ఆ నదిని దాటి వచ్చినవాళ్ళే. ముందురోజు సెథ అత్తగారు బేబీ సగ్స్ పెట్టిన భారీ విందు తిన్నారు. 'ఈవిడకి ఇంత వైభోగమా' అని కుళ్ళుకున్నారు. సాయం చేసే తెల్లవాళ్ళ ఇల్లూ అంతే. బాడ్విన్‌లు బానిసత్వానికి వ్యతిరేకులు, మంచివాళ్ళే. వాళ్ళ వెనక గుమ్మం దగ్గర మాత్రం, నోట్లో చిల్లర పోసుకునే నల్లకుర్రాడి బొమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంటుంది. మారిసన్ ఒక్క వ్యాఖ్యా చెయ్యదు, చూపించి ఊరుకుంటుంది.

దీన్ని దెయ్యం కథగానో, తల్లి ప్రేమ కథగానో చదివేస్తే ఈ ఊరు కనపడకుండా పోతుంది. ఏళ్ళ తర్వాత ముప్పైమంది ఆడవాళ్ళు సెథ ఇంటి ముందుకొచ్చి గొంతెత్తుతారు. అప్పుడు నోరు మెదపని ఊరే అది. మనిషిని నది దాటించడం ఒక్క రాత్రి పని. దాటాక పక్కన నిలబడటానికి ఆ ఊరికి అన్నేళ్ళు పట్టింది.