ప్రెస్ నోట్‌లో అతిథుల జాబితా వద్దు

మన ఊళ్లలో సంఘాలు పంపే ప్రెస్ నోట్లన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. అధ్యక్షులవారి ఆధ్వర్యంలో, ముఖ్య అతిథి చేతుల మీదుగా, గౌరవ అతిథుల సమక్షంలో... ఎనిమిది పేర్లు దాటితే గానీ అసలు విషయం రాదు. అది ఉచిత కంటి పరీక్షల శిబిరం అనుకుందాం. చూపు మందగించిన అవ్వకు కావాల్సింది ఎక్కడ, ఎప్పుడు, ఏం తెచ్చుకోవాలి అన్నదే. ఆ మూడూ చివరి వాక్యంలో ఉంటాయి. చోటు చాలకపోతే పత్రిక డెస్కులో ముందు ఎగిరిపోయేది ఆ చివరి వాక్యమే.

ప్రెస్ నోట్ పుట్టుక చూస్తే, 1906లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీంచి నీళ్లలో పడింది. రైల్వే కంపెనీ తరఫున ఐవీ లీ అనే ఆయన ప్రమాదం వివరాలను దాచకుండా రాసి పత్రికలకు ఇచ్చాడు. తొలి పత్రికా ప్రకటన అదేనంటారు. పెద్ద కంపెనీల అవసరంగా పుట్టిన ఈ పద్ధతి మన చిన్న సంఘాలకూ పనికొచ్చింది. 1989లో ‘ఈనాడు’ జిల్లా ట్యాబ్లాయిడ్లు తెచ్చింది, తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దాంతో వీధి గ్రంథాలయం వార్తకూ పేపర్లో చోటు దొరికింది.

నోట్‌లో మొదటి రెండు వాక్యాలు ఇలా ఉంటే చాలు: ‘ఈ ఆదివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట దాకా గాంధీ బొమ్మ దగ్గరి మునిసిపల్ బడిలో ఉచిత కంటి పరీక్షలు చేస్తారు. వచ్చేవాళ్లు ఆధార్ కార్డు, పాత కళ్లద్దాల చీటీ తెచ్చుకోవాలి.’ వారం పక్కన తేదీ కూడా రాయండి, ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది. ఆ తర్వాత డాక్టర్లు ఎవరు, ఆపరేషన్ అవసరమైతే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నది రాయాలి. అతిథులు ఆఖర్న, ఇద్దరు ముగ్గురు చాలు. అలిగేవాళ్లు అలుగుతారు, వాళ్ల కోసం ఫ్లెక్సీ ఎలాగూ ఉంటుంది! ‘అంగరంగ వైభవంగా’, ‘కనీవినీ ఎరుగని రీతిలో’ లాంటి మాటలు తీసేయండి. డెస్కు ఎలాగూ కొట్టేస్తుంది.

మండల విలేకరి చాలాచోట్ల మరో పని చేసుకుంటూ వార్తలు రాసే కంట్రిబ్యూటరే. లెటర్‌హెడ్ మీద రాసి ఫొటో తీసి పంపితే అతను మళ్లీ టైపు చేసుకోవాలి. వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో టైపు చేసి పంపితే కాపీ చేసుకుంటాడు. యూనికోడ్ కాని అను ఫాంట్‌లో కొట్టిన ఫైలు, ఆ ఫాంట్ లేని ఫోన్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. ఫొటో విడిగా జత చేసి, అందులో ఎడమ నుంచి ఎవరెవరున్నారో రాయాలి. కింద ఫోన్ నంబరు ఇచ్చి, ఆ ఫోన్ ఎత్తాలి కూడా.

శిబిరం వార్త రెండు రోజుల ముందే చేరాలి. జరిగిపోయినదైతే ఆ సాయంత్రంలోపే పంపాలి, మర్నాటికి అది పాతబడుతుంది. పేపరుతోనే సరిపెట్టకుండా లోకల్ కేబుల్ ఛానల్‌కు, దగ్గర్లోని ఆకాశవాణి కేంద్రానికి కూడా పంపండి. వార్త వేయమని డబ్బు కవరు ఇవ్వడం మాత్రం వద్దు. ఒకసారి ఇస్తే తర్వాతి సంఘం కూడా ఇవ్వక తప్పదు.

శిబిరం అయ్యాక రెండో నోట్ కూడా రాయండి. ఎంతమందిని పరీక్షించారు, ఎందరికి ఆపరేషన్ అవసరమన్నారు, వాళ్లు మళ్లీ ఎక్కడికి వెళ్లాలి అన్నవి అందులో ఉండాలి. చాలా సంఘాలు పంపనిది ఈ రెండో నోటే.