‘దేవుడు’ అను మాట: మన వాడుకపై ఒక విమర్శ

మన సువార్త కరపత్రములలో ఒక వాదన తరచుగా కనబడుచున్నది. ‘దేవుడు’ అనగా సృష్టికర్త, సృష్టికర్త ఒక్కడే, గనుక మరి దేనినైనను ఆ మాటతో పిలుచుట మాటను తప్పుగా వాడుటయే అని ఆ వాదన. యౌవనమందు వీధి ప్రసంగములలో మేమును దీనిని ధారాళముగా ప్రయోగించితిమి. ఇది విశ్వాసమునకు సంబంధించిన ఒప్పుకోలుగా సరియే కాని, భాషకు సంబంధించిన వాదనగా నిలువదు.

బిడ్డను బ్రతికించిన వైద్యునితో తల్లి ‘నువ్వే మా దేవుడివి బాబూ’ అనును. పాత తెలుగులో దేవర అనగా ఏలినవాడు. రాయలసీమలో దేవర చేయుట అనగా గ్రామదేవతకు జాతర చేయుట. వీరెవరును తెలుగు తప్పినవారు కారు. హెబ్రీ ‘ఎలోహీమ్’ సంగతియు ఇట్టిదే. అది ఇశ్రాయేలు దేవునికి చెల్లును, అన్యజనుల దేవతలకు చెల్లును, నిర్గమకాండము 7:1లో ఫరో యెదుట మోషేకు చెల్లును, 1 సమూయేలు 28:13లో భూమిలోనుండి పైకి వచ్చిన సమూయేలుకు సహా చెల్లును. రూపము బహువచనమే, ఇశ్రాయేలు దేవుని గూర్చి చెప్పునపుడు మాత్రము క్రియ సాధారణముగా ఏకవచనములో నుండును. అనగా భేదమును నామవాచకము గాక దాని ప్రక్కనున్న క్రియ చూపుచున్నది.

మరింత పవిత్రమైన మాట దొరికిన సమస్య తీరునని కొందరనుకొందురు. మన పొరుగువారైన తమిళులు ఆ ప్రయత్నమును చేసియున్నారు. త్రంకెబారులో జీగెన్‌బాల్గ్ ‘సర్వేశ్వరన్’ అనెను, ఫాబ్రీషియస్ ‘పరాపరన్’ అనెను, 1871 నాటి ఉమ్మడి అనువాదము ‘దేవన్’ అనెను. చివరకు స్థిరపడినది మన మాటకు తోబుట్టువే. ‘యెహోవా’ అను పేరునే వాడుదమనువారికి క్రొత్త నిబంధన అడ్డము వచ్చును. అక్కడ ఆ పేరు లేదు, ‘కురియోస్’ అనగా ప్రభువు అని యున్నది.

తోమా అక్వినాసు ఈ విషయమై సూక్ష్మమైన మాట చెప్పెను. విగ్రహమును దేవుడనువాడును, కాదనువాడును ఒకరినొకరు ఖండించుకొనుచున్నారనగా, ఇద్దరును ఆ మాటను ఎంతో కొంత ఒకే అర్థములో వాడుచున్నారన్నమాట. లేనియెడల వారి మధ్య వాదమే పుట్టదు. కావున ఎదుటివానికి ఆ మాట తెలియదనుట కంటె, మనము దానితో ఏమి చెప్పుచున్నామో చూచుకొనుట మేలు.

మాకు ఇది ఒక సమాధి కార్యక్రమములో తెలిసివచ్చినది. పత్తి పండించు గ్రామము. అప్పుల బాధతో ఒక యువకుడు పురుగుమందు త్రాగి మరణించెను. తల్లి ‘దేవుడా! దేవుడా!’ అని గుండెలు బాదుకొనుచుండగా మేము దగ్గరకు వెళ్లి, ‘ఊరుకో తల్లీ, దేవుని చిత్తం’ అంటిమి. వెనుక నిలిచియున్న సంఘ పెద్ద మెల్లగా, ‘అప్పిచ్చినాయన చిత్తం కూడా కొంచెం ఉందేమో గదా అయ్యగారూ’ అనెను. మేము జవాబు చెప్పలేదు. ఆ దినమున మా నోట ‘దేవుడు’ అనగా విధి అనియే అర్థము. నుదుటి వ్రాత కూడదని ముప్పది ఏండ్లు బోధించిన మేము, మాట మాత్రము మార్చి దానినే అక్కడ పెట్టితిమి. కరపత్రము ఖండించు అన్యుడెవడును మా అంతగా ఆ మాటను పాడుచేయలేదు.

మరియొక సంగతి. మన సంఘములలో ప్రార్థన ‘దేవా’ అని మొదలగును. ‘దేవుడా’ అనునది వీధిలో, ఆసుపత్రి వరండాలో, పాము కరచినప్పుడు వచ్చు కేక. మొదటిది భక్తి, రెండవది ఫిర్యాదు అని ఎవరును వ్రాసి పెట్టకపోయినను, మన విశ్వాసులు అట్లే నేర్చుకొనియున్నారు. వ్యాకరణము ప్రకారము రెండును సంబోధనలే. సిలువపై మన ప్రభువు ‘ఎలోయీ’ అని కేక వేసినప్పుడు (మార్కు 15:34), ఆ మాట సంస్కృతపు ‘దేవా’కు దగ్గరనో, తెలుగు ‘దేవుడా’కు దగ్గరనో బోధకులు ఆలోచింపవలెను. మాకు రెండవదే తోచుచున్నది.

యోబు స్నేహితులు దేవుని గూర్చి చెప్పినదానిలో సిద్ధాంతపరముగా సరియైన వాక్యములు చాలనే యున్నవి. యోబు మాత్రము వారితో వాదించుచు నడుమ నడుమ దేవునివైపు తిరిగి ‘నీవు’ అనును. వారిలో నొక్కడును అట్లు తిరుగడు. 42:7లో దేవుడు యోబు పక్షమున తీర్పు చెప్పినప్పుడు హెబ్రీలోనున్న మాట ‘ఏలయ్’. దాని సామాన్యార్థము ‘నాతో’, ‘నా వైపు’. గ్రీకు సెప్టువజింతు ‘నా యెదుట’ అనెను. సందర్భమును బట్టి అనువాదకులు ఎక్కువమంది ‘నన్ను గూర్చి’ అందురు. ఆ అనువాదమును మేము తప్పు పట్టము. అయితే ఇకమీదట తెలుగు బైబిలును సవరించువారు ఈ వచనమునకు అంచు గమనికలోనైనను ‘నాతో’ అను అర్థమును చూపవలెనని మా మనవి. సమాధుల యొద్ద మాట్లాడవలసిన కాపరికి ఆ చిన్న గమనిక అవసరము.