వేటవర్ణన, వంటపొయ్యి: తెలుగు సాహిత్యంలో క్రూరమృగమాంసం

తెలుగు కావ్యాల్లోని మృగయావర్ణనలను ఆటవిక జీవితానికి అద్దంగా చదవడం మన పరిశోధనలో స్థిరపడిన అలవాటు. వలలు, ఉచ్చులు, వేటకుక్కలు, జాడ తీసే నేర్పు, విల్లంబుల పదజాలం కవులు విస్తారంగా నమోదు చేశారు కనుక ఆ అలవాటుకు ఆధారం లేకపోలేదు. అయితే వేట విల్లుతో మొదలై పొయ్యి దగ్గర ముగిసే పని. పడిన జంతువు ఏమైంది, ఎవరు కోశారు, ఎవరు వండారు, ఎవరు తిన్నారు అని అడిగినప్పుడు ఈ వర్ణనల వాస్తవికత ఎంతవరకో తేలుతుంది. ఆ ప్రశ్నను క్రూరమృగాల విషయంలో, అంటే తామే వేటాడి బతికే పులి, తోడేలు, నక్క, అడవిపిల్లి, ఉడుము వంటి వాటి విషయంలో వేసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. లేడి మాంసం, పంది మాంసం ఎవరు తిన్నా కవికి ఇబ్బంది లేదు. మాంసం తినే జంతువు మాంసం దగ్గరికి వచ్చేసరికి కావ్యం, శాస్త్రం, వైద్యం, జాతుల చరిత్ర తలొక దారి పడతాయి.

ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆస్థానంలో ఉన్న విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో మహాకావ్యానికి చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో మృగయ లేదు. దండి చెప్పిన పట్టికలోనూ లేదు. విశ్వనాథుని సాహిత్యదర్పణంలో మాత్రం అది చేరింది. లక్షణగ్రంథాల్లో ఇంత నిలకడలేని వర్ణన తెలుగు ప్రబంధాల్లో దాదాపు అనివార్యం కావడం గమనించదగ్గది. అంతకన్నా గమనించవలసింది మరొకటి ఉంది. విద్యానాథుని పట్టికలో మధుపానం ఉంది కాని భోజనం లేదు. తెలుగు కవులు భోజనవర్ణనను తమ సొంత రుచితో పెంచుకున్నారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళయింటి భోజనం, ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు పెట్టే విందు ఇందుకు సాక్ష్యాలు. కాని వేటవర్ణనకూ భోజనవర్ణనకూ నడుమ దారి లేదు. మనుచరిత్రలో స్వరోచి వేటలో అడవి అంతా కదిలిపోతుంది. ఆ వేట నడుమ మనోరమ ఆర్తనాదం వినిపిస్తుంది, వంటపొగ మాత్రం కనిపించదు. ప్రబంధనాయకునికి వేట పరాక్రమం, వినోదం, కథను మలుపు తిప్పే సాధనం. అతని చేతిలో పడిన పులికి పులిగా గౌరవం దక్కుతుంది, మాంసంగా అస్తిత్వం దక్కదు.

వేటా వంటా ఒకే నిప్పు దగ్గర కలిసిన చోటు తెలుగులో కన్నప్ప కథ. పాలకురికి సోమనాథుడు బసవపురాణంలో ఉడుమూరి కన్నప్పను ద్విపదలో చెప్పాడు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని కథగా పెంచాడు. తమిళంలో శేక్కిళారు పెరియపురాణంలో ఈ కథ అంతకుముందే ప్రసిద్ధం. మాంసం కాల్చడం, నమిలి రుచి చూసి మేలైన ముక్కలు ఏరడం, ఆకుల్లో పెట్టి తేవడం, పుక్కిట నీరు తెచ్చి అభిషేకించడం ఈ కథాసంప్రదాయానికి ప్రాణం. భక్తిపరంగా దీన్ని వ్యాఖ్యానించిన విమర్శకు కొదవ లేదు. అందరూ మాంసాన్ని మాంసమనే అన్నారు. అది ఏ జంతువు మాంసమో పట్టించుకున్నవారు అరుదు. కథను నడిపేది అడవిపంది. అంటే ఇంటి పెరట్లోనూ దొరికే జంతువుకు అడవిలో ఉన్న చుట్టం. తిన్నడు పులిని చంపగలవాడు, కాని పులిని వండి శివుని ముందు పెట్టడు. అర్చకుని ఆవేదన మాంసం అన్న ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది, వేటగాని ఎంపిక అతనికి అక్కర లేదు. ఆ ఎంపికను మన విమర్శ కూడా అర్చకుని కళ్ళతోనే చూసిందని నా అభిప్రాయం. తిన్ననికి శాస్త్రం తెలియదని మాత్రమే చెప్పుకున్నాం. ఏది వండాలో, ఏది వండకూడదో, దేవుని ముందు ఏది పెట్టాలో తెలిసిన ఒక పద్ధతి అతనికీ ఉందని చెప్పుకోలేదు.

శాస్త్రం ఏమంటుందో చూద్దాం. వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో కూలిన వాలి రాముణ్ణి నిలదీస్తూ భక్ష్యాభక్ష్య నియమాన్ని ఎత్తుతాడు. అయిదు గోళ్ళ జంతువుల్లో తినదగినవి అయిదే. ఏదుపంది జాతివి రెండు, ఉడుము, కుందేలు, తాబేలు. తన తోలు పనికిరాదు, మాంసం పనికిరాదు, మరి ఎందుకు చంపావని అతని ప్రశ్న. మన వేటవర్ణనలు ఏవీ తమ నాయకుణ్ణి ఈ ప్రశ్న అడగలేదు. ఈ నియమం ప్రకారం పంజా ఉన్న క్రూరమృగాలన్నీ వంటింటి బయటే ఆగిపోతాయి. ఒక్క ఉడుము మాత్రం లోపలికి వస్తుంది. గుడ్లు, కప్పలు, పాములు, ఎలుకలు తిని బతికే ఆ వేటజంతువుకు శాస్త్రం ఎందుకు మినహాయింపు ఇచ్చిందో శాస్త్రమే చెప్పదు. తినడం ముందునుంచీ ఉన్నదని, నియమం తరువాత వచ్చి దాన్ని అంగీకరించిందని ఊహించడం అసంగతం కాదు.

సంస్కృత మహాభారతం శాంతిపర్వంలో ఇదే నియమం చండాలుని నోట వినిపిస్తుంది. పన్నెండేళ్ళ కరవులో విశ్వామిత్రుడు చండాలవాటికలో కుక్కతొడ దొంగిలించబోతే ఇంటివాడు అడ్డుపడి, కుక్క నక్కకన్నా హీనమైనదని, అయిదు గోళ్ళవాటిలో అయిదే తినదగినవని ఋషికి బోధిస్తాడు. ఋషి ఆపద్ధర్మం పేరుతో దాన్ని తోసిపుచ్చి మాంసం పట్టుకుపోతాడు. నక్కకన్నా హీనం అన్న పోలిక ఇక్కడ ముఖ్యం. మాంసాహార జంతువుల్లోనూ ఒక మెట్లవరుస ఉంది, ఆ వరుసలో నక్క చిట్టచివరికి దగ్గరగా ఉంది. తిన్న ఋషికి ఆ నక్కగాని కుక్కగాని పేరై అంటుకోలేదు. అవే తినే ఇంటివాడికి అదే కులనామం, శ్వపచుడు.

పేరు విషయంలో వైద్యం చేసిన ఉపాయం ఇంకా విచిత్రం. చరకసంహిత చికిత్సాస్థానంలో రాజయక్ష్మ ప్రకరణం క్షీణించిన రోగికి మాంసాహార జంతువుల మాంసం పెట్టమంటుంది. ఒంట్లో మాంసం పెరగాలంటే మాంసంతో పెరిగిన మాంసం కావాలన్నది అక్కడి తర్కం. సింహం, ఎలుగు, పులి వంటి వాటి మాంసాన్ని లేడి మాంసమని చెప్పి పెట్టాలట. నిజం తెలిస్తే రోగి తినడు, తిన్నా కక్కుతాడు. ఈ ప్రకరణాన్ని సాహిత్య విద్యార్థులు చదవవలసినది అందులోని శబ్దవ్యాపారం కోసం. వంటవాడు, వైద్యుడు, తినేవాడు ముగ్గురూ ఉన్న గదిలో పులి ఉంది, పులి అన్న మాట మాత్రం లేదు. రాజు ఇంట్లో ఉడికిన క్రూరమృగానికి లేడి అనే మర్యాదనామం దొరికింది. వేటగాని గుడిసెలో ఉడికినప్పుడు ఆ మర్యాద తలక్రిందులై, జంతువు పేరు తినేవాడి మీదికి ఎక్కింది.

నక్కలవారు అన్న పేరు అలాంటిది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కురువిక్కారన్ల గురించి రాస్తూ, వీరు నక్కలను వేటాడి తోలుతో సంచులు చేసి మాంసం తింటారని, తెలుగువారు వీరిని నక్కలవాండ్లు అంటారని నమోదు చేశాడు. తమిళంలో నరికురవర్ అన్నా అర్థం అదే. తోలు, మాంసం, అదృష్టం కోసం అమ్మే నక్కకొమ్ము అన్నీ ఒకే జంతువు నుంచి తీసుకుని ఏదీ పారవేయని వృత్తినైపుణ్యం ఇది. థర్‌స్టన్ వాక్యక్రమంలో మాత్రం ఆ నైపుణ్యం మాంసం తింటారన్న క్రియాపదంలో ముగిసిపోతుంది. తరువాతి రచనలు ఆ చివరి ముక్కనే ఎత్తి రాసుకున్నాయి. మన పలుకుబడిలో అదృష్టవంతుణ్ణి నక్కతోక తొక్కి వచ్చాడంటాం. తోక శుభం, కొమ్ము శుభం, వాటిని తెచ్చి అమ్మినవాడి కూడు అశుభం. ఆ సమాజం తన భాషలో తన్ను వాగ్రీ అని చెప్పుకుంటుంది, వారి వాగ్రీబోలి ఇండో ఆర్య భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో వీరు 2003లో చేరినప్పుడు కూడా రాజముద్ర పడింది నక్కల, కుర్వికరన్ అన్న బయటివారి పేర్లకే. హక్కు రావడానికి పరులు పెట్టిన పేరునే ధ్రువపత్రంలో రాయించుకోవలసి రావడం చిన్న విషయం కాదు.

ఉడుముకు ఈ దుర్గతి పట్టలేదు. ఉడుంపట్టు మెచ్చుకోలుగానే వాడుతాం. దాని చర్మం కంజిరకు బిగించి సభలో వాయించాం. కన్నప్ప ఊరు ఉడుమూరులోనూ ఆ జంతువు పేరు వినిపిస్తుంది. ఉడుము, ఊరు అని విడదీసి ఇది ఉడుములు తినే వేటగాళ్ళ పల్లె అని చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని తమిళ రూపం ఉడుప్పూర్. ఆ రూపం ఉండగా తెలుగు విభజన ఒక్కదాని మీద ఆహారచరిత్ర నిలబెట్టడం సాహసం. స్థలనామ వ్యుత్పత్తిని వంటకు సాక్ష్యంగా తెచ్చే ధోరణి మన వ్యాసాల్లో ఎక్కువైంది కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

ఇంతవరకు చూసినవి బయటివారి మాటలు. వేట జీవనంగా ఉన్నవారు తమ కథల్లో క్రూరమృగాన్ని ఎక్కడ నిలిపారో తెలుసుకోవడానికి వరంగల్లు ప్రాంతంలో మేడారం కన్నా దగ్గరి సాక్ష్యం లేదు. నేటి ములుగు జిల్లాలోని ఆ జాతర మూలకథలో కోయదొరలు వేటకు వెళతారు. అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిపాప కనిపిస్తుంది. ఆమెను గూడేనికి తెచ్చి పెంచుతారు, ఆమే సమ్మక్క. మౌఖిక పాఠాలు అనేకం, వివరాలు మారుతుంటాయి. వేటకు వెళ్ళినవారికి పులులు ఎదురుపడడం, వాటి మధ్య బిడ్డ ఉండడం మాత్రం ప్రచారంలో ఉన్న కథకు కీలకం. ప్రబంధంలో అయితే ఇక్కడ నాయకుడు పులిని కూల్చి బిడ్డను కాపాడి ఉండేవాడు. మేడారం కథలో పులి శత్రువు కాదు, దాది. వేటగాళ్ళు ఆ రోజు మాంసంతో కాక బిడ్డతో ఇంటికి వచ్చారు. అహోబిలం చుట్టూ వ్యాపించిన చెంచులక్ష్మి కథలోనూ సగం సింహమైన నరసింహుడు చెంచుల అల్లుడు. అతనికి అడవి విద్యలు నేర్పేది పిల్లనిచ్చిన వారే. క్రూరమృగాన్ని చుట్టంగా చేసుకునే ఈ ఊహ నుంచి చూస్తే, పులి మాంసం పొయ్యి ఎక్కకపోవడానికి శాస్త్రనిషేధం అవసరం లేదు. దీని నుంచి ఆటవికులందరూ ఏ క్రూరజంతువునూ తినరని సూత్రం తీస్తే అదీ తప్పే. ఒకరికి చుట్టమైనది మరొకరికి కూర కావచ్చు. ఒకే గూడెంలో పులి చుట్టం, ఉడుము కూర కావడంలో వైరుధ్యమూ లేదు.

ప్రసంగవశాత్తు మరొక మాట. నిజాం కాలపు షికారీలు, దొరలు పులితోలును గోడకెక్కించారు, పులిగోరును మెళ్ళో వేశారు. వారికి బహుశా దీటైన విమర్శ తెలంగాణ పల్లెల్లో తిరిగిన పిట్టలదొర, మనం తుపాకి రాముడు అనుకునే ఆ కొయ్యతుపాకి వేషగాడు. ఖాకీ తొడిగి టోపీ పెట్టి అతడు కోసే కోతల్లో ప్రబంధ మృగయావర్ణనకు వెక్కిరింత వినిపిస్తుంది. వేట వర్ణన మీద వేటజాతులు రాసుకున్న విమర్శగా ఆ ప్రదర్శనను చదివే ప్రయత్నం జరగవలసి ఉంది.

ఇదంతా పాత పుస్తకాల చర్చగా మిగలకపోవడానికి కారణం చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉడుము ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు. మాంసం దగ్గర ఉంచుకున్నా కేసే. జంతుసంరక్షణ దృష్టితో ఆ చట్టం అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కాని మన జానపద, గిరిజన సాహిత్య పరిశోధనల అనుబంధాల్లో వక్త పేరు, వయసు, కులం, ఊరు, కొన్నిసార్లు ఫోటో ఇవ్వడం ఆచారం. ఆహారపుటలవాట్లు అన్న శీర్షిక కింద ఉడుము వండే తీరు, అడవిపిల్లిని కాల్చే తీరు రాసి, వెనుక పుటలో చెప్పినవారి చిరునామా ఇస్తే అది పరిశోధనగా మొదలై నేరాంగీకారంగా మారుతుంది. చదువు రాని మనిషి నమ్మి చెప్పిన మాటకు సంతకం లేకుండానే సాక్ష్యవిలువ వచ్చిపడుతుంది. వాస్తవికత పేరుతో ఈ వివరాలన్నీ కోరే పర్యవేక్షకులు, పరీక్షకులు ముందుగా ఆలోచించవలసిన విషయం ఇది. అటవీప్రాంతం పేరు, దశాబ్దం చెబితే సాహిత్య పరిశోధనకు చాలు.

ఒక పద్ధతి మార్పు కూడా అవసరం. మీరు నక్కను తింటారా అని తెలుగులో అడిగితే తింటామనో తినమనో తెలుగులోనే జవాబు వస్తుంది. ఆ జవాబులో అడిగినవారి కులం, వేషం, కలం చూసి దాచుకున్నది సగం ఉంటుంది. వాగ్రీబోలిలో ఆ జంతువును ఏమంటారు, దాని జాడను, అరుపును, తోలును, మాంసపు వాటాలను ఏ మాటలతో వేరుచేస్తారు, ఏ వాటా ఎవరికి చెందుతుంది అన్నవి అడగడానికి ఊరిపేరు అక్కరలేదు, మనిషిపేరు అక్కరలేదు. వేటవర్ణనల పదకోశం మనకు కవుల నుంచి దండిగా వచ్చింది, పొయ్యి దగ్గరి పదకోశం ఆ గుడిసెల్లోని ఆడవాళ్ళ దగ్గర ఉంది.