యుద్ధక్రీడలో అంపైర్ ఎవరు?

యుద్ధక్రీడల గురించి స్త్రీవాద పత్రికలో రాయడానికేముంది అనిపించవచ్చు. సైన్యం, వ్యూహం, ఫిరంగులు మగవాళ్ళ వ్యవహారమని మనం కూడా ఎప్పుడో ఒప్పేసుకున్నాం. కానీ అసలు యుద్ధానికి ముందు బల్ల మీదో, పటం మీదో ఆడి చూసుకునే యుద్ధం నియమాలతో రాసుకున్న ఒక కథ. దేన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి, ఎవరు ఓడినట్టు, ఆ మాట ఎవరు చెప్పాలి అన్నవన్నీ అందులో ముందే రాసి ఉంటాయి. కావ్యాల్లో, నవలల్లో మౌనాలను చదవడం నేర్చుకున్నవాళ్ళం కనుక ఈ పాఠాన్నీ చదవగలం. చదవాలి కూడా.

ఆటకీ యుద్ధానికీ ఉన్న ముడి మనకు కొత్తది కాదు. పల్నాటి వీరుల కథ కోడిపందెంతో మలుపు తిరుగుతుంది. ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచిపోతుంది. చివరికి కారెంపూడి రణం. మధ్యలో బాలచంద్రుడి బొంగరాలాట. అతని బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. నీవాళ్ళంతా యుద్ధానికి పోతుంటే నువ్వు బొంగరాలాడుతున్నావా అని ఆమె ఎత్తిపొడుస్తుంది. ఆ ఒక్కమాటతో పిల్లవాడు వీరుడవుతాడు. కథ ఆమె గాయం దగ్గర ఆగదు, అతని పౌరుషం వైపు మళ్ళుతుంది. ఇక నాయకురాలు నాగమ్మ. పందెం కాసింది ఇద్దరైనా, యుద్ధం తెచ్చిపెట్టిందన్న నింద శతాబ్దాలుగా ఆమె ఒక్కదాని నెత్తినే ఉంది. చదరంగంలో మన మంత్రి యూరప్ వెళ్ళి రాణి అయ్యాడు. మన దగ్గర నిజంగా ఒక స్త్రీ మంత్రి అయితే మాత్రం కథ ఆమెను క్షమించలేకపోయింది. ఆటలో స్త్రీ గాయపడవచ్చు, రెచ్చగొట్టవచ్చు, మోసం చేయవచ్చు. సమఉజ్జీగా ఆడి గెలిచిందని మాత్రం కథ ఒప్పుకోదు.

ఇది జానపద వీరగాథల పద్ధతి మాత్రమేనా? ఆధునిక సైనిక శిక్షణ చరిత్రలో మన హైదరాబాదుకూ ఒక పేజీ ఉంది. దాన్నీ ఇదే చూపుతో చదివి చూద్దాం. మూసారాంబాగ్ పేరు ఇవాళ ఒక మెట్రో స్టేషన్‌గా అందరికీ తెలుసు. ఆ పేరు వెనక ఉన్నది నిజాం అలీఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని రేమండ్. ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారని చెబుతారు. పదివేలకు పైగా సిపాయిలకు అతను యూరప్ పద్ధతిలో శిక్షణ ఇప్పించాడు. వరసలో నిలబడటం, ఆజ్ఞ వినగానే ఒక్క శరీరంలా కదలడం, ఒకేసారి తుపాకులు పేల్చడం, అదీ డ్రిల్లు. రోజూ శత్రువు లేకుండానే యుద్ధాన్ని అభినయించడం కాబట్టి యుద్ధక్రీడకు అది తోబుట్టువే. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు ఆ సైన్యం ఆయుధాలు లాక్కుని దాన్ని రద్దు చేశారు. గుట్ట మీద సమాధి మిగిలింది. 2001లో దాని పక్కన ఉన్న మండపం కూలిపోతే మళ్ళీ కట్టారు. రేమండ్‌కి పేరూ ఉంది, రాయీ ఉంది.

అదే నిజాం కొలువులో, అదే కాలంలో, ఫ్రెంచి పద్ధతిలోనే డ్రిల్లు చేసిన మరో రెండు పటాలాలు ఉండేవి. వాటి పేరు జఫర్ పల్టన్, అంటే విజయ పటాలం. ఒక్కో దాంట్లో వెయ్యిమంది. అందరూ స్త్రీలే. సిపాయిల దుస్తులు వేసుకుని, తుపాకులు పట్టుకుని అంతఃపురానికి కాపలా కాసేవారు. బేగంలు ఎటు కదిలితే అటు వెంట నడిచేవారు. గార్డు అన్న ఇంగ్లీషు మాటకు స్త్రీలింగం తగిలించి వాళ్ళను గార్దనీలు అన్నారు. జీతం నెలకు 5 రూపాయలు. ఒక పటాలానికి మామా బరన్, మరోదానికి మామా చంపా నాయకులు. మామా అంటే మన మేనమామ కాదు. హైదరాబాదు పెద్దిళ్ళలో పరిచారికను మామా అనేవారు. సేనానులయ్యాక కూడా ఆ పిలుపు వాళ్ళను వదల్లేదు.

1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధానికి ఈ పటాలాలు వెళ్ళాయి. నిజాం ఓడిపోయాడు. ఆ కాలపు ఇంగ్లీషు కథనం ఈ స్త్రీల గురించి చెప్పిన మాట సారాంశం ఇది: నిజాం సైన్యంలో మిగతావాళ్ళ కంటే వీళ్ళేమీ తీసిపోలేదు. పైకి మెచ్చుకోలులా ఉంటుంది. కానీ మిగతావాళ్ళు ఓడినవాళ్ళు. ఆడవాళ్ళతో పోల్చి నిజాం మగ సైన్యాన్ని ఎగతాళి చేయడమే ఆ వాక్యం పని. డ్రిల్లు గురించి కూడా అంతే, ఫరవాలేదనిపించేలా చేస్తారన్న ధోరణి. రెండువేల మంది ఆడవాళ్ళు తుపాకి పట్టడం ఎలా నేర్చుకున్నారు, ఏ ఇళ్ళ నుంచి వచ్చారు, ఆ 5 రూపాయలు ఎవరి చేతికి వెళ్ళేవి అన్న ప్రశ్నలు ఆ కలానికి తట్టనే లేదు. వలసపాలకుడి చూపులో వాళ్ళు తూర్పు దేశపు వింత. స్వదేశీ చరిత్రకారుడికి జనానాలో ఒక ముచ్చట. వాళ్ళు యుద్ధరంగంలో ఉన్నారు. యుద్ధాన్ని గురించి తీర్పు చెప్పే చోట లేరు.

ఈ తేడాను సిద్ధాంతంగా, యంత్రాంగంగా మార్చింది ప్రష్యా. రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకుల్లో తండ్రి 1812లో రాజుగారికి బల్ల మీద ఆడే యుద్ధాన్ని చూపించాడు. కొడుకు 1824లో దాన్ని అసలు భూమి కొలతలతో గీసిన పటం మీదికి తెచ్చాడు. పటాలాలకు గుర్తులుగా చిన్న దిమ్మలు, నష్టాలు తేల్చడానికి పాచికలు, ఇద్దరు ఆటగాళ్ళ మధ్య ఒక అంపైర్. ఎవరికి ఎంత కనబడాలో నిర్ణయించేది అతనే. క్రీగ్‌ష్పీల్ అనే ఈ ఆట ప్రష్యా అధికారుల శిక్షణలో భాగమైంది. 1870 యుద్ధంలో ఫ్రాన్సు ఓడాక మిగతా దేశాలూ దీన్ని అందిపుచ్చుకున్నాయి. 1876లో వెర్డీ దు వెర్నువా పాచికలూ పట్టికలూ ఎందుకు, అనుభవం ఉన్న అంపైర్ తీర్పు చాలన్నాడు. ఆటకు వేగం వచ్చింది. దాంతోపాటు అధికారమూ ఒక మనిషి నోట్లోకి వచ్చి చేరింది. ఆ పటం మీద ఊళ్ళు ఉంటాయి. ఊళ్ళలో మనుషులుండరు. నది దాటడానికి ఎంతసేపు పడుతుందో లెక్క ఉంటుంది. సైన్యం దాటాక ఆ ఒడ్డున ఆడవాళ్ళ గతి ఏమిటన్నదానికి పాచిక లేదు.

ఈ ఆట పిల్లల గదిలోకి వచ్చినప్పుడు హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' రాశాడు. పుస్తకం పేరు కిందే ఇది 12 ఏళ్ళ నుంచి 150 ఏళ్ళ దాకా ఉన్న అబ్బాయిల కోసమని ప్రకటించాడు. అబ్బాయిల ఆటలు ఇష్టపడే తెలివైన అమ్మాయిలకు కూడా ఓ మూల చోటిచ్చాడు. మగవాడికి వయసు ఉంటే చాలు, ఆడపిల్లకు మాత్రం తెలివి పరీక్ష! అసలు యుద్ధం కంటే బొమ్మల యుద్ధం మేలని వాదించినంత వరకు వెల్స్ మంచిమాటే చెప్పాడు. ఆ మంచిమాట కూడా గుమ్మం దగ్గర ఆడపిల్లను ఆపి అడిగాకే లోపలికి పిలిచింది.

ఆ గుమ్మం ఒకచోట తెరుచుకుంది. 1942 జనవరిలో లివర్‌పూల్‌లో, జర్మన్ జలాంతర్గాములు ఓడలను వరసగా ముంచేస్తున్న రోజుల్లో, కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ ఒక శిక్షణ విభాగం పెట్టాడు. సిబ్బందిలో ఎక్కువమంది రెన్‌లు, అంటే నౌకాదళ స్త్రీ విభాగపు అమ్మాయిలు. చాలామంది ఇరవై ఏళ్ళ అటూ ఇటూ వాళ్ళే. గది నేలనే సముద్రం చేసి సుద్దముక్కలతో ఓడల దారులు గీసేవారు. శిక్షణకు వచ్చిన అధికారులు తెరల సందుల్లోంచి తమకు కనబడినంతే చూసి ఆజ్ఞలివ్వాలి. జలాంతర్గాముల గీతలు వాళ్ళకు కనబడవు, అమ్మాయిలకు కనబడతాయి. జీన్ లెయిడ్‌లా, జానెట్ ఓకెల్ వంటివాళ్ళు కొత్త ఎత్తుగడలను ఆడి తేల్చారు. జలాంతర్గాముల్లోనే పేరుపొందిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ ఆట ఆడి, జానెట్ చేతిలో ఐదుసార్లు ఓడిపోయాడు. దాదాపు 5 వేలమంది అధికారులు అక్కడ నేర్చుకుని సముద్రం మీదికి వెళ్ళారు. నేర్పిన అమ్మాయిలు ఒడ్డునే ఉండిపోయారు. యుద్ధం ముగిశాక వాళ్ళ పేర్లు నలుగురికీ తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

సరిగ్గా అదే ఏడాది మే నెలలో జపాన్ నౌకాదళం మిడ్‌వే దాడిని ఆడి చూసుకుంది. పాచికల ప్రకారం తమ విమాన వాహక నౌకలకు 9 దెబ్బలు తగిలాయి. పర్యవేక్షిస్తున్న అడ్మిరల్ ఉగాకి దాన్ని 3కి తగ్గించి మునిగిన నౌకను తేల్చాడు. జూన్‌లో నిజం సముద్రంలో నాలుగు మునిగాయి. ఏవీ తేలలేదు. 2002లో అమెరికా 25 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి మిలీనియం చాలెంజ్ అనే యుద్ధక్రీడ జరిపింది. శత్రుపక్షంగా ఆడిన వాన్ రైపర్ మొదట్లోనే 16 నౌకలను ముంచేశాడు. వాటినీ తేల్చి ఆట మళ్ళీ మొదలుపెట్టారు. బల్ల మీద ఓటమిని ఒప్పుకోలేని ఆ అహంకారానికి పితృస్వామ్యం అనే పేరు మనం పెట్టనక్కర్లేదు, దానికదే పరిచయం చేసుకుంటుంది. మునిగిన ఓడను తేల్చగలిగే అధికారమే నాగమ్మ గెలుపును మోసం చేసింది. మామా బరన్ పటాలాన్ని వింతగా మిగిల్చింది.

ఇక్కడ మనలో మనకే ఒక పేచీ ఉంది. యుద్ధాన్నే వద్దనే స్త్రీవాదం ఈ ఆటలో స్త్రీలకు చోటు ఎందుకు అడగాలి? జఫర్ పల్టన్‌ని చూసి గర్వపడితే అది జనానా గోడను కాపాడిన తుపాకిని చూసి గర్వపడటం కూడా అవుతుంది. అందుకే గర్వం కంటే లెక్క ముఖ్యం అంటాను. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసిన పని అదే. నిజాం మీద పోరాడిన తెలంగాణ స్త్రీల చేత వాళ్ళ కథ చెప్పించింది. దళ నాయకత్వం వహించిన మల్లు స్వరాజ్యం వంటివాళ్ళ ధైర్యాన్ని మాత్రమే కాదు, పోరాటం ఆగాక ఇక ఇళ్ళకు వెళ్ళమన్నప్పటి కడుపుమంటనూ రికార్డు చేసింది. ఆయుధం పట్టినప్పుడు స్త్రీ అవసరం, తీర్పు రాసేటప్పుడు అనవసరం. ఆ పుస్తకంలో తీర్పు వాళ్ళ నోటితోనే వచ్చింది.

సుప్రీంకోర్టు 2020లో సైన్యంలో స్త్రీలకు శాశ్వత కమిషన్ ఇవ్వాలంది. 2021లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షకు దారి తెరిచింది. 2025 మేలో మొదటి 17 మంది అమ్మాయిలు అక్కడి నుంచి బయటికి వచ్చారు. రేపు వాళ్ళు కూడా పటాల ముందు కూర్చుని యుద్ధాలు ఆడతారు, బాగానే ఆడతారు. ఆ పటం మీది ఊళ్ళలో మనుషుల్ని పెట్టమని అడిగే వీలు వాళ్ళకు ఉంటుందా? మునిగింది మునిగినట్టే అని పై అధికారి ముందు చెప్పే కుర్చీలో ఎప్పటికైనా కూర్చుంటారా? ఆడేవాళ్ళుగా మనం ఎన్నడో ఉన్నాం. 1795లోనే ఉన్నాం. ఇప్పుడు అడగాల్సింది అంపైర్ కుర్చీ గురించి.